అమ్ముడుపోని లక్ష

ఖరగ్‌పూర్‌లో పన్నెండో తరగతి చదివే రోజుల్లో నేను సాయంత్రాలు గోల్‌బజార్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో కూర్చునేవాణ్ణి. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో మాదీ ఒకటి. అలాంటివాళ్లు ఊళ్లో వేలమంది ఉన్నారు కాబట్టి హిందీ, బెంగాలీ పాటలతో పాటు తెలుగు క్యాసెట్లకూ గిరాకీ ఉండేది. కొత్త సినిమా పాటలు పార్శిల్లో దిగేవి. ఆ పెట్టె విప్పే పని నాది.

ఒక శనివారం పెట్టె విప్పితే క్యాసెట్ల మీద మడతపెట్టిన పోస్టరు ఒకటి ఉంది. హీరో బొమ్మ, దాని కింద ఎర్రటి అక్షరాలతో లక్ష క్యాసెట్లు దాటిన రికార్డు అమ్మకాలని అచ్చువేశారు. పోస్టరు కింద క్యాసెట్లు సెల్లోఫేన్ కూడా చెదరకుండా వరసగా ఉన్నాయి. విడుదల సోమవారం. అంటే ఆ పాటలు ఇంకా ఎక్కడా ఎవరి చేతికీ చేరలేదు. దుకాణం ఆయన్ని అడిగాను. "ఇంకా ఒక్కటీ అమ్మలేదు కదండీ, లక్ష ఎక్కడివి?" ఆయన నవ్వాడు. "అమ్ముతాం కదరా. ముందు అంటించు."

అంటించాను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ పోస్టరు గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. దాని మీదున్నది అబద్ధమా? దుకాణం ఆయన దృష్టిలో కాదు. అది జరగబోయేదాన్ని ముందుగా చెప్పడం. కంపెనీ దృష్టిలో అసలే కాదు. లక్ష క్యాసెట్లు తయారై, బిల్లులై, డిస్ట్రిబ్యూటర్లకు చేరాయి. వాళ్ల పుస్తకంలో 'సేల్' అంటే అదే. మా దుకాణంలో దుమ్ముపట్టి మూడు నెలలకు అదే పెట్టెలో వెనక్కి వెళ్లేవి మరో ఖాతాలోకి వెళ్తాయి. ఆ ఖాతాను ఎవరూ పోస్టరు మీద వేయరు.

ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. గ్రామఫోను కంపెనీలు బంగారు డిస్కు ఇవ్వడం మొదలుపెట్టింది 1942లో. ఆ ఫిబ్రవరి 10న అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ గ్లెన్ మిల్లర్ అనే బ్యాండు నాయకుడికి, ఆయన పాట 12 లక్షల ప్రతులు అమ్ముడైందంటూ, బంగారు పూత పూసిన రికార్డును రేడియో కార్యక్రమంలోనే బహూకరించింది. పాట పేరు 'చటనూగా చూ చూ'. రైలు మీద పాట! మా ఊరివాళ్లకు నచ్చాల్సిన పాటే. కాకపోతే లెక్కపెట్టినదీ కంపెనీయే, బహుమతి ఇచ్చినదీ కంపెనీయే, చప్పట్లు వినిపించినదీ కంపెనీ పాట వేసే రేడియోనే. 1958లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఈ పనిని తన చేతిలోకి తీసుకుని, పుస్తకాలు తనిఖీ చేయించి మరీ బంగారు డిస్కు ఇవ్వడం మొదలుపెట్టింది. కొంత మేలే. కానీ ఆ తనిఖీలో ప్రధానంగా చూసేది దుకాణాలకు పంపిన సరుకును. వినేవాడి ఇంటికి చేరిందా లేదా అన్నది వేరే సంగతి.

1978 సెప్టెంబరు 18న కిస్ అనే రాక్ బృందంలోని నలుగురూ ఒకే రోజు తలా ఒక సోలో ఆల్బమ్ విడుదల చేశారు. ఒక్కొక్కటి పది లక్షలకు పైగా దుకాణాలకు పంపారు. నాలుగూ ప్లాటినమ్ అయ్యాయి. తరువాత గుట్టలు గుట్టలుగా వెనక్కి వచ్చాయి. ఆ రోజుల్లో ఆ వ్యాపారంలో ఒక హాస్యం తిరిగేది: ఫలానా ఆల్బమ్ బంగారమై వెళ్లి ప్లాటినమై తిరిగొచ్చిందట. అంటే పంపినదానికంటే ఎక్కువ వెనక్కి వచ్చిందని.

తెలుగు సినిమాలో 2000 తరువాత వచ్చిన ప్లాటినమ్ డిస్క్ ఫంక్షన్లు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. పాటలు విడుదలై నెల తిరక్కుండానే వేదిక, దీపాలు, హీరో చేతికి మెరిసే పళ్లెం. కొన్నిటికి ట్రిపుల్ ప్లాటినమ్. ఎన్ని అమ్మితే ప్లాటినమో, ఎన్ని అమ్మారో ఆ వేదికల మీద ఎవరైనా చెప్పగా నేను వినలేదు. క్యాసెట్టు చచ్చిపోయి, సీడీ కొన ఊపిరితో ఉన్న కాలంలోనే ఆ పళ్లేలు బాగా మెరిశాయి.

దీనికి వ్యాపారం ఇచ్చే సమాధానం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. "ప్రచారమంటే ఇంతేనండీ, అందరికీ తెలుసు. లక్ష అంటే ముప్ఫై వేలని లెక్కేసుకోవాలి. అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధమెలా అవుతుంది?" పెళ్లిపిలుపులో 'సకుటుంబ సపరివారంగా' అని రాసినట్టేనంటారు. నిజంగా పరివారాన్ని తోలుకుని వస్తారని రాసినవాడూ అనుకోడు, చదివినవాడూ అనుకోడు.

కానీ ఈ 'అందరికీ' అన్న మాటలో ఎవరున్నారు? నేనూ, దుకాణం ఆయనా, డిస్ట్రిబ్యూటరూ ఉన్నాం. గాజు బీరువా బయట నిలబడి, జేబులో ముప్ఫై రూపాయలతో, ఏది కొనాలా అని పోస్టరు చదువుతున్న కుర్రాడు అందులో లేడు. ఆ పోస్టరు రాసింది వాడి కోసం. వాడికి కూడా తెలిస్తే దానితో పనే లేదు. అబద్ధమని తెలిసినవాళ్లు దాన్ని రాస్తారు, తెలియనివాళ్లు చదువుతారు. పెళ్లిపిలుపుతో పోలిక ఇక్కడ తెగిపోతుంది.

నాకు ఈ విషయంలో దారి చూపింది పంచశీలలోని నాలుగోది కాదు, వినయ పిటకంలోని నాలుగో పారాజికం. దానికి మూలమైన కథ మనలో చాలామందికి తెలిసినదే గాని, ఈ కోణంలో మళ్లీ చెప్పుకోవాలి. వజ్జి దేశంలో కరువొచ్చింది. వగ్గుముదా నది ఒడ్డున వర్షావాసానికి దిగిన భిక్షువులకు భిక్ష పుట్టడం లేదు. ఏం చేద్దామని కూర్చుని మాట్లాడుకున్నారు. గృహస్థుల పనులు చూసిపెడదామని ఒకరు, వాళ్ల కబుర్లు మోసిపెడదామని ఒకరు అన్నారు. చివరికి అన్నిటికంటే సులువైనది తేల్చుకున్నారు. ఒకరి గురించి ఒకరు గృహస్థుల దగ్గర గొప్పగా చెప్పాలి: ఫలానా భిక్షువు మొదటి ధ్యానం పొందాడు, ఫలానా ఆయన అర్హతుడు. జనం నమ్మారు. ఇంతటి మహానుభావులు మన ఊళ్లో ఉన్నారని మురిసి, తాము తినకుండా, తల్లిదండ్రులకూ పిల్లలకూ పెట్టకుండా వీళ్లకు పెట్టారు. వర్షావాసం ముగిసి వైశాలికి చేరినప్పుడు, మిగతాచోట్ల నుంచి వచ్చిన భిక్షువులు నరాలు తేలి ఉన్నారు. వీళ్లు నిగనిగలాడుతున్నారు. బుద్ధుడు అడిగాడు, మీరు చెప్పుకున్నది నిజంగా ఉన్నదేనా అని. లేదన్నారు.

అక్కడ ఆయన ఎంచుకున్న మాటను గమనించాలి. వాళ్లను అబద్ధాలకోరులని ఊరుకోలేదు. లోకంలో అయిదు రకాల మహాచోరులున్నారని చెప్పి, లేని సిద్ధిని ఉన్నట్టు చెప్పుకునేవాణ్ణి అందరిలోకి పెద్ద దొంగ అన్నాడు. దేశం పెట్టిన కూడు దొంగతనంగా తిన్నాడు కాబట్టి. తప్పును మాటల ఖాతాలోంచి తీసి దొంగతనం ఖాతాలో వేశాడన్నమాట. నోటితో ఏమన్నాడన్నదాని కంటే, ఎవరి కంచంలోది ఎవరి కడుపులోకి పోయిందన్నది ముందుకొచ్చింది.

మరో చిన్న సంగతి. వాళ్లెవరూ తమ గురించి తాము చెప్పుకోలేదు, ఒకరి గురించి ఒకరు చెప్పుకున్నారు. కంపెనీ హీరోని పొగుడుతుంది, హీరో సంగీత దర్శకుణ్ణి, సంగీత దర్శకుడు కంపెనీని. వేదిక మీద అందరూ వినయవంతులే.

సరే, ఇక్కడ దొంగతనం జరిగితే పోగొట్టుకున్నదెవరు? కరువులో అయితే పిల్లల అన్నం. పాటల విషయంలో?

జవాబులో ఒక భాగం 1991లో అమెరికాలో బయటపడింది. అప్పటిదాకా బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టిక కోసం దుకాణాలకు ఫోను చేసి, ఈ వారం ఏవి బాగా పోయాయని అడిగేది. గుమాస్తా నోటికొచ్చింది చెప్పేవాడు. కంపెనీల మనుషులు వచ్చి వాళ్లను మంచి చేసుకునేవారు. ఆ ఏడాది మే 25 సంచిక నుంచి ఆల్బమ్‌ల పట్టికకు సౌండ్‌స్కాన్ లెక్క వాడడం మొదలైంది. గల్లాపెట్టె దగ్గర బార్‌కోడ్ పలికిన ప్రతిసారీ ఒకటి, అంతే. నెల తిరక్కుండా ఎన్‌డబ్ల్యూఏ అనే నల్లజాతి ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. ఆ సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ పాడిన కంట్రీ ఆల్బమ్ వచ్చిన వారమే మొదటి స్థానంలో నిలిచింది. కంట్రీ సంగీతానికి అలా జరగడం అదే మొదటిసారి. నల్లవాళ్ల వాడల్లోనూ పల్లెటూళ్లలోనూ ఈ పాటలు కొనేవాళ్లు రాత్రికి రాత్రి పుట్టుకొచ్చారా? ముందునుంచీ ఉన్నారు. డబ్బిచ్చి కొంటూనే ఉన్నారు. లెక్కలో మాత్రం లేరు. కొందరి లెక్క పెంచినప్పుడు మరికొందరు కొలతలోంచి జారిపోతారు. ఎందుకంటే పట్టికలో మొదటి స్థానం ఒకటే ఉంటుంది. ఊరి చివర వాడల నుంచి వచ్చిన మనకు లెక్కలో లేకపోవడమంటే ఏమిటో మరొకరు చెప్పనక్కరలేదు.

రెండో భాగం మరింత లోపలిది. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఎవరికీ తెలియని 48 పాటలు ఇంటర్నెట్‌లో పెట్టి, 14 వేల మందికి పైగా జనాన్ని వినమన్నారు. నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొందరికి పాటల పక్కన అంతకుముందు ఎంతమంది తీసుకున్నారో కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. అంకె కనిపించిన చోట పెద్ద పాటలు మరింత పెద్దవయ్యాయి, చిన్నవి మరింత చిన్నవయ్యాయి. ఏది పెద్దదవుతుందో ముందుగా చెప్పడమూ కష్టమైంది. రెండేళ్ల తరువాత సల్గానిక్, వాట్స్ మరో పని చేశారు. అంకెలను కావాలని తలకిందులు చేసి చూపించారు. అట్టడుగు పాట మొదటిదిగా, మొదటిది అట్టడుగుదిగా. చాలా పాటల విషయంలో జనం ఆ అబద్ధాన్ని నిజం చేశారు. బాగా మంచివి కొన్ని కాలక్రమేణా పైకి పాక్కుంటూ వచ్చాయి. కానీ మొత్తం మీద జనం తీసుకున్న పాటల సంఖ్యే తగ్గిపోయింది.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అబద్ధపు అంకెను నమ్మి విన్నవాళ్లకు పాట మీదే ఆసక్తి తగ్గింది. లక్షమంది మెచ్చారన్న పాట నాకు నచ్చకపోతే, పోస్టరు తప్పనుకోను. నా చెవికే ఏదో లోపముందనుకుంటాను. లేదా పాటలంటే ఇంతేనేమో అనుకుని లేచిపోతాను. దొంగ పట్టుకుపోయింది ముప్ఫై రూపాయలే కాదు. నా చెవి మీద నాకున్న నమ్మకాన్ని కూడా. ఎవరో చెప్పారని కాక, స్వయంగా చూసి తెలుసుకోమన్న మార్గంలో నడుద్దామనుకునేవాళ్లకు ఇది చిన్న నష్టం కాదు.

ఈ కాలంలో సరుకు పంపే అవసరం కూడా పోయింది. 2013లో శాంసంగ్ కంపెనీ జే-జీ అనే గాయకుడి ఆల్బమ్‌ను ఎవరూ వినకముందే పది లక్షల ప్రతులు కొని, తన ఫోన్లు వాడేవాళ్లకు ఉచితంగా పంచింది. బిల్‌బోర్డ్ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. రికార్డు కంపెనీల సంఘం మాత్రం నిబంధన మార్చి వెంటనే ప్లాటినమ్ ఇచ్చింది. 2019 జూలైలో ముంబయి నుంచి వచ్చిన బాద్‌షా పాట 'పాగల్' యూట్యూబ్‌లో ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వీక్షణలతో ప్రపంచ రికార్డు కొట్టిందని ప్రకటించారు. అందులో ప్రకటనలు కొని తెచ్చుకున్న వీక్షణలున్నాయని గొడవైంది. ఆ సెప్టెంబరులో యూట్యూబ్ తన విధానం మార్చి, 24 గంటల రికార్డులకు ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణలను లెక్కించబోమని చెప్పింది. అప్పటిదాకా అది నిబంధనకు విరుద్ధమూ కాదు. చాలామంది చేసేదే. మహాచత్తారీసక సుత్తంలో మిథ్యా ఆజీవం కింద చెప్పినవాటిలో చివరిది లాభంతో లాభాన్ని వెతకడం. డబ్బుతో అంకె కొని, అంకెతో డబ్బు కొనడానికి ఇంతకంటే తగిన పేరు నాకు తట్టలేదు.

మా ఊరికీ ఒక రికార్డు ఉండేది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనదని జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివి ఛాతీ విరుచుకునేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాటేసింది. తరువాత 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దాన్నీ దాటింది. కొంచెం చిన్నబోయాం. అంతే. టేపు పెట్టి కొలిచినదానితో ఎవరు వాదిస్తారు? మైఖేల్ జాక్సన్ 2009లో పోయినప్పుడు ఆయన రికార్డులు 75 కోట్లు అమ్ముడయ్యాయని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆ 75 కోట్లకు టేపు ఎక్కడుందో ఎవరూ చూపలేదు. ఆయన గొప్ప గాయకుడు కావడానికి ఆ అంకె అవసరమూ లేదు.

ఇంతదాకా కంపెనీల మీద రాశాను. రాయడం సులువు. ఆ దుకాణంలో నేను చేసిన పని కూడా చెప్పాలి.

నాన్నతో పాటు వర్క్‌షాపులో పనిచేసే ఒక బాబాయి ఉండేవాడు. తత్వాలు కట్టి పాడేవాడు. వర్క్‌షాపు కూత మీద, నైట్ డ్యూటీ మీద, మాత పూజకు ఊరేగింపు వెళ్లే దారి మీద. ఎవరింట్లో చావు జరిగినా రాత్రంతా కూర్చుని పాడేది ఆయనే. ఆయన కలకత్తా వెళ్లి చిన్న స్టూడియోలో పాడి, అయిదువందల క్యాసెట్లు చేయించి, కొన్ని మా దుకాణంలో పెట్టాడు. నెల తరువాత డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కూడా పూర్తిగా పోకుండా, దుకాణం ముందు సైకిలు ఆపాడు.

"ఎన్ని పోయేయిరా?"

నాలుగు పోయాయి. ఆ లక్ష పోస్టరు నా తల వెనకాలే ఉంది. "బాగానే పోతన్నాయి బాబాయ్. ఓ ముప్ఫై దాకా పోయుంటాయి" అన్నాను. ఆయన మొహం చూసి మరో మాట కలిపాను. "ఇంకా అడుగుతున్నారు."

అబద్ధమాడింది లాభం కోసం కాదు, ఆయన బాధపడతాడని. నా మనసు ఇన్నేళ్లూ ఆ సాకు మీదే నిలబడింది. అభయ రాజకుమార సుత్తం చదివాక అది కూలిపోయింది. నిజమూ మేలు చేసేదీ అయిన మాట వినడానికి చేదుగా ఉన్నా, తగిన సమయం చూసి చెప్పేవాడు తథాగతుడని అక్కడుంది. నా దగ్గరున్నది నిజం. ఆయనకు మేలు చేసేది. సమయం కూడా అదే, ఎందుకంటే ఆయన వచ్చింది రెండోసారి చేయించాలా వద్దా అని తేల్చుకోవడానికి. చేదుగా ఉందని ఒక్క కారణంతో మింగేశాను. ఆ నెలలో ఆయన పీఎఫ్ మీద అప్పు తీసి మరో వెయ్యి చేయించాడు. ఆ డబ్బు ఆ ఏడు కూతురి కాలేజీకి అనుకున్నది. వజ్జి దేశంలో ఇంట్లోవాళ్లకు పెట్టకుండా భిక్షువులకు వడ్డించిన గృహస్థులను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ అమ్మాయి గుర్తొస్తుంది.

రిటైరయ్యాక బాబాయి బొబ్బిలి దగ్గర సొంతూరికి వెళ్లిపోయాడు. కొన్నేళ్ల కిందట చూడ్డానికి వెళ్లాను. మిగిలిన క్యాసెట్ల టేపు లాగి చేలో పిట్టలు వాలకుండా కర్రలకు కట్టేశానని ఆయనే చెప్పాడు, మామూలుగా. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నేనే ఎత్తుకున్నాను. ఆ రోజు ముప్ఫై కాదు బాబాయ్, నాలుగే పోయాయని చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తిడతాడేమో అనుకున్నాను. తరువాత నావైపు తిరిగాడు.

"ఆ నాలుగూ ఎవరు కొన్నార్రా?"

నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. నీంపురా నుంచి వచ్చిన ఒక గ్యాంగ్‌మన్. భర్త చనిపోయిన ఒకావిడ, ఆ ఇంట్లో ఆయన పాడి ఉన్నాడు. మా బడిలో తెలుగు చెప్పే మాస్టారు. ఒక్కొక్కరి గురించీ అడిగాడు, ఎప్పుడొచ్చారు, ఏమన్నారు, మళ్లీ వచ్చారా అని. ఆవిడ దుకాణంలోనే ఒక వైపు పెట్టించుకుని నిలబడి వింది అని చెబితే, మళ్లీ చెప్పమన్నాడు.

నాలుగో మనిషి ఎవరో నాకు గుర్తు రాలేదు.